అండాశయానికి వెళ్ళే కబురు

నేను చదువుకున్నది ఈగల గురించి. ఇంట్లో అరటిపండు బాగా మగ్గితే చుట్టూ మూగే ఎర్రకళ్ళ చిన్న ఈగలున్నాయే, అవి. హైదరాబాదులో కొన్నేళ్ళపాటు ఒక చీకటి గదిలో కూర్చుని, ఆడ ఈగల అండాశయాలు విప్పి చూడటమే నా పని. పెళ్ళయ్యి, రాష్ట్రం దాటి మా ఆయన ఇనప గని ఉద్యోగం ఉన్న బచేలికి వచ్చాక, దగ్గర్లోని గీదంలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే పని దొరికింది. ఈగలు కూడా నాతోపాటే వచ్చాయి. చీర సారెతో వచ్చిన కోడళ్ళని చూశాను గానీ ఈగల సీసాలతో కాపరానికొచ్చిన కోడల్ని నిన్నే చూశానని మా అత్తయ్య ఇప్పటికీ అంటుంది.

హైదరాబాదు ఈగలు ఇక్కడి మొదటి వేసవికే పోయాయి. తర్వాత నుంచి గీదం సంతలో పట్టుకున్నవే. సంతకి ఒక మూల జీలుగు కల్లు అమ్మే ఆవిడ కూర్చుంటుంది. సుక్మా వైపు నుంచి వచ్చిన మనిషి, మనతో తెలుగు, పక్కవాళ్ళతో గోండీ, పోలీసులతో హిందీ మాట్లాడుతుంది. పులిసిన కల్లు వాసనకి ఆవిడ కుండల చుట్టూ ఎప్పుడూ నా ఈగలు ఉంటాయి. నేను సీసాలో అరటిపండు ముక్క వేసుకుని పక్కన కూర్చునేదాన్ని. "ఏంది మేడం, మళ్ళ వచ్చినవా? కల్లుకోసం వచ్చేటోళ్ళని చూసిన గానీ ఈగలకోసం వచ్చేది నువ్వొక్కదానివే," అనేది. దారిలో బస్సు ఆపి బాంబుల కోసం సంచులు వెతికే జవాన్లు మొదట్లో ఆ సీసాలు చూసి కంగారుపడేవాళ్ళు. ఇప్పుడు అలవాటైపోయింది. నన్ను చూడగానే "మక్ఖీ మేడమ్", ఈగల మేడం, అని నవ్వి పంపేస్తారు.

అసలు సంగతికి వస్తాను. మాకు పిల్లల్లేరు. విశాఖపట్నంలో డాక్టర్లకి చూపించుకున్నాం. కిరందుల్ రైలెక్కి ఎన్నోసార్లు వెళ్ళాం, ఎన్నోసార్లు తిరిగొచ్చాం. ఇద్దరిలోనూ లోపం లేదు, కారణం తెలియడం లేదు అన్నారు. లోపం ఉందన్నా బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది. కారణం తెలియదనగానే ఆ ఖాళీలో ఎవరికి తోచింది వాళ్ళు పెడతారు. ఒకరు ఇంటి గుమ్మం మార్చమన్నారు. ఒకరు పనస గింజలు తినమన్నారు. నాకు పిల్లలు కావాలి. ఇప్పటికీ కావాలి. అది ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఉద్యోగం చేసే ఆడదానికి పిల్లల మీద ధ్యాస ఉండదని మా కాలనీలో చాలామంది నమ్మకం.

ఆ సంవత్సరం మహిళా దినోత్సవానికి కాలనీ మహిళా మండలివాళ్ళు నన్ను మాట్లాడమన్నారు. ప్రతి ఏడూ ముగ్గుల పోటీ, పాటల పోటీ అయిపోతున్నాయి, ఈసారి కాస్త సైన్సు పెడదాం, మీ చదువు గురించి తెలుగులో చెప్పండి అన్నారు. నాకు ఆనందం పట్టలేదు. ఇన్నేళ్ళలో నా ఈగల గురించి నన్ను అడిగినవాళ్ళే లేరు మరి. మా అత్తయ్య జరీ చీర కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది.

నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పాను. ఆడ ఈగ అండాశయంలో సన్నటి పోగులు ఉంటాయి. ప్రతి పోగు కొసనా రెండో మూడో మూలకణాలు కూర్చుని ఉంటాయి. అది పెట్టే గుడ్లన్నీ వాటి సంతానమే. మూలకణం రెండుగా చీలితే ఒకటి అక్కడే మూలకణంగా ఉండిపోతుంది, రెండోది పక్కకి జరిగి గుడ్డు కావడం మొదలుపెడుతుంది. ఈ మూలకణాలు ఎప్పుడు పెరగాలి అన్నది వాటంతట అవి తేల్చుకోవు. ఆడ ఈగ మగ ఈగతో కలిశాక, అండాశయం దాకా వెళ్ళే నరాల కొసల నుంచి ఆక్టోపమీన్ అనే రసాయనం బయటికొస్తుంది. అది నరం పంపే కబురు. ఆ కబురు కూడా నేరుగా మూలకణానికి అందదు. దాన్ని ఒరుసుకుని ఉండే తోడు కణాలకి అందుతుంది. వాటిలో కాల్షియం పెరుగుతుంది, అప్పుడు అవి మూలకణాన్ని పెరగమని తొందరపెడతాయి. ఆ నరం కబురు ఆపేశామనుకోండి, మగ ఈగతో కలిసినా సరే మూలకణాల సంఖ్య పెరగదు. ఎక్కడో నరాల్లో మొదలైన సంగతి, పొట్టలో ఉన్న ఒక్క కణం దాకా ఇలా చేతులు మారుతూ వెళ్తుంది. అదంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇదంతా ఈగల్లో అని రెండుసార్లు చెప్పాను. ఆడవాళ్ళ అండాశయంలో ఇలాంటి మూలకణాలు ఉన్నాయని ఇంకా ఎవరూ గట్టిగా చూపించలేదని, మన అండాలు మనం తల్లి కడుపులో ఉండగానే తయారైపోతాయని, జీవితమంతా మూలకణాలు పనిచేసేది మగవాళ్ళలోనని కూడా చెప్పాను. చప్పట్లు బాగానే కొట్టారు. టీలు తాగేటప్పుడు మా ఎదురింటి పిన్నిగారు దగ్గరికొచ్చి, "అంటే మనసు కుదురుగా ఉంటేనే కడుపు పండుతుందని మీ సైన్సు కూడా ఒప్పుకుందన్నమాట!" అంది.

"మనసు కాదండీ, నరం," అన్నాను.

"రెండూ ఒకటేగా," అని బిస్కెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక అత్తయ్య చీర మడత పెడుతూ అడిగింది. "ఏటే, నరం కబురంపితేనే గుడ్డు పెరుగుతాదని నువ్వే కదా మైకులో చెప్పినావు?"

"ఈగల్లో, అత్తయ్యా."

"ఈగైతే ఏటి, మనిషైతే ఏటి. ఆడదే కదా."

మర్నాటి నుంచి నా మనసుని కాపాడే కార్యక్రమం మొదలైంది. టీవీలో వార్తలు బంద్. మందుపాతర, ఎదురుకాల్పులు అన్న మాట వినపడితే చాలు, అత్తయ్య రిమోట్ కోసం వెతుక్కునేది. మా ఆయన గనిలో గొడవల గురించి ఇంట్లో నోరెత్తకూడదు. కూరలో ఉప్పు ఎక్కువైనా ఎవరూ ఏమీ అనరు. ఎదురింటి పిన్నిగారు సాయంత్రం పూట వచ్చి నన్ను నవ్వించే బాధ్యత తీసుకుంది. పాపం, ఆవిడ జోకు చెప్పడం మొదలుపెట్టి సగంలోనే తను పడిపడి నవ్వేది, ఆ మిగతా సగం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నవ్వమంటే నవ్వు ఎక్కణ్ణుంచి వస్తుంది? నవ్వకపోతే ఆవిడా అత్తయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. అత్తయ్య నన్ను తిట్టడం మానేసిందని నాకు ఎంత వెలితిగా ఉండేదో చెప్పలేను. అతిథిలా చూస్తుంటే ఒళ్ళు మండిపోయేది, మండినట్టు కనపడకూడదు.

మా ఆయనకి మొదట్లో ఇదంతా తమాషాగా ఉండేది. "మూలకణాలు పనిచేసేది మగాళ్ళలోనని చెప్పావుగా, అయితే సంతోషంగా ఉంచాల్సింది నన్ను," అన్నాడు ఒకసారి. అత్తయ్య దాన్ని కూడా సీరియస్‌గా తీసుకుని రెండు రోజులు ఆయనకి బాదం పాలు ఇచ్చింది.

వేసవి సెలవులకి ముందు తమాషా పోయింది. మాది ఏడాదికోసారి కొత్తగా తీసుకునే ఉద్యోగం. జూలైలో మళ్ళీ చేరుతున్నానో లేదో ముందే చెప్పాలి. చెప్పకపోతే ఇంకొకరిని తీసుకుంటారు. మళ్ళీ ఖాళీ ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చేవాళ్ళు నా ఈగల్ని ఉంచుతారని నమ్మకం అసలే లేదు. ఒకరోజు అన్నం తింటుండగా అత్తయ్య మెల్లగా అంది. "ఈ ఏడు మానెయ్యమ్మా. ఆ బస్సులు, ఆ చెకింగులు, ఆ ఎర్ర దుమ్ము. రోజూ గుండెల్లో దడే కదా. దడ ఉన్నకాడికి కబురు మంచిది ఎలగ ఎల్తాది? నీ ఈగలే చెప్తన్నాయి."

నేను మా ఆయన వైపు చూశాను. "ఒక్క ఏడాది చూద్దాం," అన్నాడు కంచంలోకి చూస్తూ. "అమ్మ ఆశపడుతోంది."

"మీరో?"

ఆయన మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. నాకు ఆ రోజు వచ్చిన ఏడుపు అత్తయ్య మీద కాదు, ఈ మనిషి మీద. ఇన్నాళ్ళూ నాతో ఆస్పత్రుల వరండాల్లో పక్కన కూర్చున్నవాడు, కారణం తెలియదన్న మాట నాతోపాటే విన్నవాడు, చివరికి కారణం నా ఉద్యోగంలో, నా బుర్రలో ఉందని ఒప్పుకున్నాడు. అన్నిటికంటే కోపం తెప్పించింది ఏమిటంటే, దానికి సాక్ష్యం నా చదువే. నాకు ప్రాణమైన సంగతిని తీసుకుని నా మీదే పెట్టారు.

చెప్పాల్సిన గడువు సోమవారం. ముందురోజు ఆదివారం. సెలవైనా సరే ఈగలకి కొత్త తిండి మార్చాలి, లేకపోతే ఆ ఎండలకి సీసాల్లో తిండి ఎండిపోయి అన్నీ చస్తాయి. నేను బయల్దేరుతుంటే అత్తయ్య కూడా చెప్పులేసుకుంది. గీదం సంతలో చింతపండు కొనుక్కోవాలంది. నన్ను ఒక్కదాన్నీ పంపితే దారిలో దిగులు పడతానని ఆవిడ భయమని నాకు తెలుసు.

కాలేజీలో ఎవరూ లేరు. తాళం తీసి, తడి గోనెపట్టాలు కప్పిన సీసాలు ఆవిడకి చూపించాను. తర్వాత పొయ్యి వెలిగించి ఈగల తిండి వండటం మొదలుపెట్టాను. మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్టు వేసి ఉడకనిచ్చి, గడ్డకట్టడానికి అగర్ కలపాలి. అత్తయ్య గిన్నెలోకి తొంగి చూసింది.

"ఏటే ఇది, ఉప్మావా?"

"ఈగలకి."

"నా కొడుక్కి ఎప్పుడైనా ఇంత ఓపిగ్గా కలియబెట్టినావా?"

చాలా రోజుల తర్వాత ఆవిడ నోట ఎత్తిపొడుపు విని నాకు నిజంగా నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ఆవిడకి ధైర్యం వచ్చింది కాబోలు, అంత ఇదిగా చూసేది ఏముందో చూపించమంది. ఒక ఆడ ఈగని మంచు మీద మత్తుగా పడుకోబెట్టి, మైక్రోస్కోపు కింద ఉప్పునీటి చుక్కలో రెండు సూదులతో విప్పాను. అండాశయాలు రెండూ తెల్లగా బయటికొచ్చాయి. అత్తయ్య కళ్ళద్దాలు తీసి, పెట్టుకుని, మళ్ళీ తీసి, ఎలాగో చూపు కుదుర్చుకుంది.

"అమ్మో, అరటి గెల్లాగున్నాది," అంది. కాసేపు చూసి, "దీన్ని చంపేసినావా?"

"అవును."

"పాపం," అని మళ్ళీ కన్ను ఆనించింది. నేను పక్కన నిలబడి పోగుల కొస ఎక్కడో చెప్పాను. మూలకణాలు ఈ మైక్రోస్కోపులో కనపడవని, రంగులు వేసి ఇంకా పెద్ద యంత్రం కింద చూడాలని చెప్పాను. ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది.

"ఇది మగదానితో కలిసిందేనా?"

"కలిసిందే."

"ఇష్టంగా కలిసిందా, అది ఎంటపడి పట్టుకున్నాదా?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. "తెలియదు అత్తయ్యా. ఈగకి ఇష్టమో కాదో తెలుసుకునే దారి మన దగ్గర లేదు. కలిసిందా లేదా అన్నదే చూస్తాం. కలిస్తే మగ ఈగ నుంచి ఒక పదార్థం దీని ఒంట్లోకి వస్తుంది. అది తగిలితేనే నరాలకి తెలుస్తుంది. తిండి బాగుండాలి. అంతే."

"ఏడస్తన్నాదో నవ్వుతన్నాదో నరానికి అక్కర్లేదా?"

"ఈగ ఏడుస్తుందో లేదో నాకు తెలియదు. మనుషుల్లో బాగా దిగులు ఎక్కువైతే నెలసరి తప్పొచ్చు, అది నిజమే. నాకు ఎప్పుడూ తప్పలేదు. అంతకు మించి తెలిసినవాళ్ళు లేరు."

ఆవిడ మైక్రోస్కోపు దగ్గర నుంచి లేచి కుర్చీలో కూర్చుంది. నేను సీసాల్లో తిండి పోసి, చల్లార్చి, ఈగల్ని మార్చి, మూతలకి దూది పెట్టేదాకా ఆవిడ ఆ సీసాల వైపే చూస్తూ ఉంది. సంతలో చింతపండు బేరం కూడా ఆడలేదు, చెప్పిన ధరకే తీసుకుంది. తిరుగు జీపులో సంచి ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. ఎండకి తల తిరుగుతోందా అని అడిగితే లేదంది. ఈగని చంపినందుకు బాధపడుతోందేమో అనుకున్నాను.

మా ఆయనకి ఆ రోజు రాత్రి షిఫ్టు. అందుకని పొద్దు వాలుతుండగానే ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. చారు పోసుకుంటూ ఆయన అడిగాడు. "రేపు కాలేజీకి ఏం చెప్తావు?"

చేరుతున్నానంటే ఈ ఇంట్లో పిల్లలు పుట్టకపోవడానికి నేనే కారణమని రాసిచ్చినట్టే. చేరడం లేదంటే నాకు మిగిలేది వంటగది కిటికీ. నేను అన్నం కలుపుతూనే ఉన్నాను.

"అమ్మా, నువ్వు చెప్పు," అన్నాడు.

అత్తయ్య కంచం కొంచెం పక్కకి జరిపింది. "నేను ఈ ఊరు కాపరానికొచ్చిన ఏడే మా నాన్న పోనాడు," అంది. ఈ సంగతి మాకు తెలుసు. తర్వాతది తెలియదు. "వానలకి అరకు ఘాట్లో కొండ జారి లైను మూసీసినారు. రైలు లేదు. మా నాన్నని ఆఖరి చూపు చూడలేదు. మీ నాన్న మీద కోపం, ఎందుకు తెచ్చినాడు నన్నిక్కడికి అని. హిందీ రాదు, ఎవలితో చెప్పుకుంటాను? పొయ్యి కాడ ఏడుపు, నీళ్ళ కాడ ఏడుపు. మొహం కడుక్కుంటే మళ్ళీ ఏడుపు. అందులోనే నెల తప్పింది. తెలిసిన రోజు తలుపేసుకున్నాను. ఇప్పుడొద్దు తండ్రీ, నాకొద్దు, తీసుకుపో అని దండం పెట్టినాను. ఒక్క రోజు కాదురా. రోజూ పెట్టినాను."

మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"కడుపు మనసు మాట వినీదే అయితే నువ్వు పుట్టీవోడివి కాదు," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ నాకిది గుర్తు రాలేదనుకోకు. గుర్తున్నాది. ఎక్కడో ఒక దారి ఉన్నాదంటే బాగుణ్ణని దాన్ని పక్కన పెట్టినాను. నీ తప్పేం లేదు. నువ్వెల్లు ఉద్యోగానికి."

మా ఆయన నన్ను చూసి, "రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే ఫోన్ చేసి చెప్పెయ్, చేరుతున్నానని," అన్నాడు.

నేను వరండాలోకి వెళ్ళి ప్రిన్సిపాల్ ఇంటికి ఫోన్ చేశాను. అవతల వాళ్ళు సరేనన్నారు, అంతే, రెండు మాటలు. ఫోన్ పెట్టేశాక గోడకి ఆనుకుని బాగా ఏడ్చాను. ఉద్యోగం నిలబడిందని కొంత. "నీ తప్పేం లేదు" అన్న మాట ఇన్నేళ్ళలో ఒక్క డాక్టరూ నాతో అనలేదు, అందుకు చాలా. కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చేసరికి వాళ్ళిద్దరూ లేచిన జాడ లేదు. ఎంగిలి చేతులు ఆరిపోయాయి. మా ఆయన, తల నెరుస్తున్న మనిషి, చిన్నపిల్లాడిలా అడుగుతున్నాడు.

"నేనొద్దనుకున్నావా అమ్మా?"

అత్తయ్య ఎడమ చేత్తో ఆయన తల నిమిరింది.

"నువ్వని నాకేటి తెలుసురా, అప్పటికి?"